బియ్యం పెంటయ్య ఇంజను

మా నాన్న మీద ఒక హాలు హాలంతా పగలబడి నవ్వింది. నాన్న అక్కడ లేడు. నేనున్నాను.

మాదాపూర్‌లో మా ఆఫీసు ఉన్న భవనంలో తొమ్మిదో అంతస్తు మొత్తం మా కంపెనీదే. విదేశంలో యుద్ధ విమానాలు తయారుచేసి దేశదేశాలకు అమ్ముకునే కంపెనీ అది. మన దేశం వాళ్ల దగ్గర విమానాలు కొన్నది కాబట్టి, ఒప్పందం ప్రకారం ఆ విమానం పనిలో కొంత ఇక్కడివాళ్లకు ఇవ్వాలి. ఆ కొంతలో కొంత మేం. విమానం కింద చక్రాలు ముడుచుకున్నాక మూసుకునే తలుపులుంటాయే, వాటిని నేను కంప్యూటర్లో గీస్తాను. ఇంజను లోపలి భాగాల బొమ్మలు మా కంప్యూటర్లలో తెరుచుకోవు. అమ్మేవాడు కడుపునిండా అన్నం పెడతాడు గానీ వంటింట్లోకి రానివ్వడు.

నేను ఆ కంపెనీలో చేరింది ఈ ఏడాదే. కొత్తగా చేరినవాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి, మన దేశం యుద్ధ విమానాలను బయటి దేశం నుంచి ఎందుకు కొంటుందో చెప్పడం అక్కడ ఆనవాయితీ. చెప్పేది ఉదయ్ భాస్కర్ గారు. కాకినాడ వైపు మనిషి. వెనకటికి నగరం అంచున ఉన్న ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఇంజన్ల మీద పనిచేసి, తర్వాత ఉద్యోగం వదిలేసి ఈ కంపెనీలోకి వచ్చాడు. మాట తీయన. 'అండి' లేకుండా వాక్యం ముగించడు.

ఆయన చెప్పిన కారణాలు ఒక్కటీ అబద్ధం కాదు. పాత విమానాలు మూలపడుతున్నాయి, వాటి స్థానంలోకి వచ్చేవి చాలడం లేదు. సరిహద్దుకు అవతల ఉన్నవాళ్లు కొత్తవి సమకూర్చుకుంటున్నారు. మనం తయారుచేసుకునేవి చేతికొచ్చేసరికి ఏళ్లు గడుస్తున్నాయి, ఆకాశం అన్నేళ్లు ఖాళీగా ఉండదు. అన్నిటికన్నా పెద్దది ఇంజను. యుద్ధ విమానం ఇంజను చేయడం ప్రపంచంలో గుప్పెడు దేశాలకే వచ్చు, వచ్చినవాళ్లు ఎంత డబ్బు పోసినా ఎవరికీ నేర్పరు. నేను తల ఊపుతూ రాసుకుంటున్నాను.

భోజనాల తర్వాత కదా, కొందరు కునుకుతున్నారు. వాళ్లను లేపడానికి ఆయన ఒక కథ ఎత్తుకున్నాడు.

"మా ల్యాబ్‌లో కూడా ఒక ఇంజను చేశామండి. ఆయుధ పూజ నాడు ఒక మెకానిక్ గారు, పాపం ఇంజనుకి ఆకలేస్తోందనుకున్నారో ఏమో, దాని నోట్లో గుప్పెడు అక్షింతలు పోశారు. మూడో రోజుకి ఇంజను ఢామ్. అప్పుడు అర్థమైందండి ఢిల్లీ వాళ్లకి, కొనుక్కోవడమే క్షేమమని."

హాలు ఘొల్లుమంది. నా పక్కనున్న అమ్మాయి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

ఆ మెకానిక్ పేరు పెంటయ్య. బోరబండలో రైల్వే స్టేషన్ వెనక గల్లీలో ఉంటాడు. నేను ఆయన కూతురిని, రేఖను.

నాన్నది సంగారెడ్డి దగ్గర పల్లె. ఐటీఐ చదివి ప్రయోగశాలలో ఫిట్టరుగా చేరాడు. కొత్త ఇంజనును విమానంలో పెట్టే ముందు ఒక మందపాటి గోడల గదిలో ఇనుప దిమ్మెకు బిగించి నడిపి చూస్తారు. ఆ గదిని టెస్ట్ సెల్ అంటారు. ఇంజనును దిమ్మెకు బిగించడం, విప్పడం నాన్న పని. గేటు లోపల ఏం జరుగుతుందో బయట చెప్పకూడదని ఆర్డరు. అందుకని మా బస్తీ వాళ్లకు తెలిసిందల్లా పెంటయ్యది 'ఇంజన్ల నౌకరి' అని. ఆదివారం పూట ఆటోలు, నీళ్ల మోటార్లు మా గుమ్మం ముందు వరస కట్టేవి. నాన్న కాదనలేక అన్నీ విప్పేవాడు. సగం బాగయ్యేవి. మిగతా సగం వాళ్లు ముక్కలు ఏరుకుని మూటగట్టుకుని పోయేవాళ్లు.

చెవులకు కప్పులు పెట్టుకున్నా ఆ గదిలో పనిచేసి వచ్చిన రోజు నాన్నకు సాయంత్రం దాకా సరిగ్గా వినిపించేది కాదు. చారులో ఉప్పు తక్కువైందన్న మాట కూడా గల్లీ చివరికి వినబడేలా అరిచేవాడు. అమ్మ, అంటే కిష్టమ్మ, "ఇంట్ల ఇమానం దిగిందే" అని నవ్వేది. ఆ గొంతు మాకు పండగ. ఆ రోజు ఇంజను బాగా నడిచిందని లెక్క.

దసరాకు టెస్ట్ సెల్‌లో ఆయుధ పూజ చేసేవాళ్లు. పనివాళ్లలో పెద్దవాడు నాన్న కాబట్టి పూజ నాన్న చేతి మీదుగా జరిగేది. ఇంజను మూతికి తార్పాలిన్ మూత కట్టి, దిమ్మెకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అక్షింతల పళ్లెం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్లేవాడు. అందరూ అంటే అందరూ. పెద్ద డైరెక్టరు దగ్గర నుంచి నిన్న చేరిన కుర్ర సైంటిస్టు దాకా తలా పిడికెడు తీసుకుని చల్లేవాళ్లు. సార్ల భార్యలు పులిహోర పంపేవాళ్లు. ఆ పులిహోర నేనూ తిన్నాను.

నేను బడిలో ఉన్నప్పటి ఒక దసరా వెళ్లిన మూడో రోజు, ఇంజను పూర్తి వేగం మీద ఉండగా లోపల పగిలింది. విప్పి చూస్తే వెనక భాగంలో, నిప్పులు చెరిగే చోట తిరిగే బ్లేడు ఒకటి మొదలంటా ఊడిపోయి ఉంది. ముందు వైపు, గాలి పీల్చే మూతి అంచు వెనక సందులో, నాలుగు పసుపు బియ్యపు గింజలు దొరికాయి. మూత విప్పేటప్పుడు దాని మడతలో నుంచి రాలినవి.

కమిటీ వేశారు. పూజ చేసింది నువ్వేనా అంటే నేనే అన్నాడు నాన్న. బియ్యం పంచింది నువ్వేనా అంటే నేనే అన్నాడు. అబద్ధం చెప్పడం వచ్చి ఉంటే కదా. మనిషి అజాగ్రత్త వల్ల ఇంజనులోకి బయటి వస్తువు పోయిందని కమిటీ రాసేసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆపాటి న్యాయం కూడా జరగలేదు. బియ్యం తలా పిడికెడు చల్లారు, పాపం మాత్రం మొత్తం ఒక్కడి నెత్తిన గుమ్మరించారు. తినే గింజ మీద పేరు రాసి ఉంటుందంటారు కదా, ఆ నాలుగు గింజల మీద మా నాన్న పేరు ఒక్కటే కనిపించింది వాళ్లకు.

నాన్నను టెస్ట్ సెల్ నుంచి తీసేసి తోటపనికి పంపారు. రిటైరయ్యేదాకా మొక్కలకు నీళ్లు పోశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల నుంచి క్యాంటీన్ వాళ్ల దాకా 'బియ్యం పెంటయ్య' అనే పిలిచారు. ఇంట్లో ఆయన గొంతు తగ్గిపోయింది. చారులో ఉప్పు తక్కువైనా తిని లేచేవాడు. కొన్నేళ్లకు ఆ ఇంజను పనిని ప్రభుత్వమే ఆపేసింది. ఆ కబురు తెలిసిన రోజు నాన్న పనికి పోలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఆయన పసుపు బియ్యం ముట్టలేదు. పండగ పూజలో పువ్వు పెడతాడు, అగరుబత్తి వెలిగిస్తాడు, పళ్లెంలో అక్షింతల జోలికి మాత్రం పోడు. నా పెళ్లిలో అయ్యగారు పెద్దలందరినీ ఆశీర్వదించమన్నప్పుడు అమ్మ ఆయన దోసిట్లో అక్షింతలు పోసింది. ఆయన వాటిని తిరిగి అమ్మ చేతుల్లోకి ఒంపేశాడు. "నా చేతి బియ్యం దానికొద్దు" అన్నాడు. నేను పందిట్లో కూర్చుని విన్నాను. ముక్కూమొహం తెలియనివాళ్లు చల్లిన గింజలన్నీ నా తల మీద పడ్డాయి, కన్నతండ్రివి పడలేదు. మా అత్తగారి తరఫువాళ్లు చెవులు కొరుక్కున్నారు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ కోపం ఎవరి మీద పడాలో తెలియక నాన్న మీదే పడింది.

అయినా ఆయన మోసిన బరువు అది కాదు. టీవీలో విదేశం నుంచి వచ్చిన కొత్త యుద్ధ విమానాలు దిగుతున్నాయని చూపిస్తే లేచి బయటికి పోయేవాడు. ఒకసారి ఎక్కడో పాత యుద్ధ విమానం కూలి దాన్ని నడిపే కుర్రాడు చనిపోయాడని వార్త వచ్చింది. తెరమీద ఫోటో, చిన్న మీసం, నిండా పాతికేళ్లుండవు. నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. అమ్మ గదమాయిస్తే అన్నాడు, "మా ఇంజను నిలవడుంటె కొత్త ఇమానం వస్తుండె. గా పిలగాడు బతుకుతుండె. నా చేతులతోని గింత పనైంది." అమ్మ కంచం పక్కన పెట్టి కూలబడిపోయింది. మా ఇంట్లో అసలు జబ్బు ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

నేను ఇంజినీరింగులో మెకానికల్ తీసుకున్నది ఆ జబ్బు కోసమే. మూడో ఏడాదిలో చదువుకున్నాను. ఆకాశంలో పక్షులు అడ్డం వస్తాయి కాబట్టి, తిరుగుతున్న ఇంజనులోకి చచ్చిన కోళ్లను విసిరి పరీక్షిస్తారు. కోడిని అరాయించుకోవలసిన ఇంజను నాలుగు బియ్యపు గింజలకు చస్తుందా? పైగా గింజలే తగిలి ఉంటే ముందు బ్లేడ్ల మీద గీతలు పడాలి. ముందువి చెక్కుచెదరలేదని నాన్నే చెప్పాడు, వాటిని విప్పింది ఆయనే. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. నాన్న నా తల నిమిరి, "నీకు తెల్వదు బిడ్డా. గంత పెద్ద సార్లు రాసిండ్రు" అన్నాడు. నా పుస్తకం, నా డిగ్రీ, తర్వాత నా ఉద్యోగం, ఏదీ ఆ మాటను గెలవలేకపోయాయి. సారు రాసింది సారే కొట్టెయ్యాలి.

ఆ సార్లలో ఒకడు ఇప్పుడు మైకు పట్టుకుని జోకులు వేస్తున్నాడు.

హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి ఆయన గదికి వెళ్లాను. అద్దాల గది. బయట సైబర్ టవర్స్ మీద ఎండ మెరుస్తోంది. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. "సార్, మీరు చెప్పిన ఆ మెకానిక్ మా నాన్న" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటే అడిగాను, బ్లేడు బియ్యం వల్ల ఊడిందా అని.

"లేదమ్మా" అన్నాడు.

తర్వాత మెల్లగా అంతా చెప్పుకొచ్చాడు. ఊడిపోయిన బ్లేడు వేడికి సాగి మొదట్లో చిట్లింది. అంత వేడిని తట్టుకునేలా లోహాన్ని పోత పోయడం వాళ్లకు రాలేదు. కమిటీలో అందరికీ తెలుసు. కానీ మాకు చేతకాలేదని రాస్తే ఢిల్లీ వాళ్లు ఆ రోజే తాళం వేస్తారు. మనిషి పొరపాటని రాస్తే ఇంకో అవకాశం ఇస్తారు. అందుకని అలా రాశారు. "ఇంజనుని కాపాడుకుందామనే అమ్మా. నేనప్పటికి అందరికన్నా జూనియర్ని" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నారని వినడమే గానీ, ఆ అన్నవాడిని ఎదురుగా చూడడం అదే మొదటిసారి. జూనియరైతే మాత్రం జోకు ఇప్పుడు చెప్పింది ఎవరు? సీనియరే కదా.

ఆయన దుర్మార్గుడైతే నాకు సులువుగా ఉండేది. ఆఫీసులో ఎవరికి జ్వరం వచ్చినా ఇంటికి ఫోన్ చేసి కనుక్కునే మనిషి. అదే నా ఒళ్లు మండించింది. ఆయుధ పూజకు నాన్నను ఆఫీసుకు పిలిచి శాలువా కప్పుదామన్నాడు. శాలువా మీరే కప్పుకోండి సార్ అన్నాను. మా ఇంటికొచ్చి, నాకు చెప్పిన ఆ ఒక్క మాట మా నాన్నకు చెప్పండి, అంతే. నేను చెబితే ఆయన నమ్మడు. ఆయన మీ మాటే నమ్ముతాడు, అది మా ఖర్మ.

ఆయుధ పూజ నాడు పొద్దున వచ్చాడు. కారు గల్లీలో పట్టక స్టేషన్ దగ్గర ఆపి నడిచి వచ్చాడు. పండక్కి నేను ముందు రోజే పుట్టింటికి వచ్చి ఉన్నాను. అమ్మ అప్పుడే పూజ ముగించింది. నట్లు బిగించే నాన్న పాత పానాలు, నా ల్యాప్‌టాప్, కుట్టు మిషను, అన్నిటికీ కుంకుమ బొట్లు. నాన్న ఎప్పటిలాగే పళ్లేనికి దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గుమ్మంలో ఉదయ్ భాస్కర్‌ను చూసి గుర్తుపట్టి దిగ్గున లేచాడు, భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచాడు.

"పెంటయ్య గారూ, బాగున్నారా?" అన్నాడు ఆయన. నాన్న వెనక్కి తిరిగి చూశాడు, గారు అన్నది ఇంకెవరినో అనుకుని.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు కరుచుకుంటాయి. ఆయన నోరు తెరిచేలోపే నాన్న చేతులు జోడించాడు. "సారు, గప్పుడు నా వల్ల మీ అందరి పేరు ఖరాబైంది. ఇన్నేండ్లు మీకు చెప్పుకునే మోక దొరకలే. మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు. ఉదయ్ భాస్కర్ నేల చూపులు చూశాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఆ క్షమాపణ జేబులో వేసుకుని, టీ తాగి వెళ్లిపోతాడేమో అనిపించింది. నేను ఆయన ముందుకొచ్చి నిలబడ్డాను.

"మాఫీ మీరు అడగకూడదండి" అన్నాడు చివరికి. "బియ్యం వల్ల కాదు. బ్లేడు వేడికి ఆగలేదు. మాకు అప్పుడే తెలుసు."

నాన్న మొహంలో సంతోషం కోసం వెతికాను. ఇన్నేళ్ల బరువు దిగితే మనిషి ఏడుస్తాడనుకున్నాను, నవ్వుతాడనుకున్నాను. అమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం అట్లాగే నిలబడి ఉన్నాడు. బిగించిన నట్టు ఎక్కడ వదులైందో చూస్తున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"గప్పుడే తెల్సా?"

"తెలుసండి."

"మరి గా బ్లేడును బాగుచేసిండ్రా?"

ఉదయ్ భాస్కర్ మాట దాటెయ్యబోయాడు. నాన్న మళ్లీ అడిగాడు. అప్పుడు చెప్పక తప్పలేదు. కాగితం మీద తప్పు బియ్యానిదని రాశాక బ్లేడు తప్పని ఎవరూ అనలేరు కదా. బ్లేడు మార్చాలంటే ఎందుకు మార్చాలో చెప్పాలి. చెబితే ముందు రాసింది అబద్ధమని తేలుతుంది. అందుకని తర్వాతి ఇంజనులోనూ అవే బ్లేడ్లు పెట్టారు. అదీ అక్కడే పగిలింది. ఈసారి బియ్యమూ లేదు, పెంటయ్యా లేడు. తాళం వేశారు.

నాన్న గొంతు నేను చిన్నప్పుడు విన్న గొంతు. టెస్ట్ సెల్ గొంతు. గల్లీలో నడిచేవాళ్లు ఆగిపోయారు.

"నన్ను బద్నాం చేసిండ్రు, సరే. గరీబోణ్ని, పడ్డ. గా బ్లేడు మీకేం జేసింది సారు? దాని తప్పు దానికి చెప్తె అది బాగైతుండె గద! నన్ను తోటలకు తోలి, దాన్ని మళ్ల ఇంజన్ల పెడ్తరా? మీద పొయ్యే పిలగాండ్ల పానం దాని మీదున్నదని యాదికి రాలేదా?"

ఉదయ్ భాస్కర్ ఏదో అనబోయాడు. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇమానాలు కొన్కచ్చుకోండ్రి. తప్పు లేదు. మన ఇంజను వచ్చేదాంక పిలగాండ్లు పాత డొక్కులల్ల తిరగొద్దు. గని నా పేరు చెప్పి కొనకుండ్రి. మీకు చేతగాలే, చేతగాలేదని చెప్పి కొనుండ్రి. గప్పుడన్న ఎవడో ఒకడు నేర్చుకుంటడు."

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. అమ్మ పోసి ఉంచిన టీ అట్లాగే ఉండిపోయింది. నాన్న కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత పళ్లెం దగ్గర కూర్చుని పిడికిలి నిండా పసుపు బియ్యం తీసుకున్నాడు. "ఇట్ల రా" అన్నాడు. నేను వంగాను. నా తల మీద పోశాడు, చల్లలేదు, పోశాడు. "పెండ్లినాడు ఎయ్యలే" అన్నాడు. గింజలు జాకెట్టు లోపలికి జారి గుచ్చుకున్నాయి, సాయంత్రం దాకా దులుపుకోలేదు.

మా ఆఫీసులో నెలనెలా కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు. ఉదయ్ భాస్కర్ గారు ఇప్పుడు ఆ మెకానిక్ కథ చెప్పడం మానేశాడు. అసలు కథ కూడా చెప్పడు. పాత విమానాలు, పక్క దేశాలు, ఆలస్యం, ఇంజను అని వరసగా చెప్పి, ఆ ఇంజను దగ్గరికి రాగానే టీకి వదిలేస్తున్నాడు. ఏవైనా ప్రశ్నలుంటే టీ దగ్గర అడగమంటాడు. నేను నా పని వదిలి ప్రతిసారీ అక్కడికి పోతాను. కొత్తవాళ్లందరూ కప్పులు పట్టుకుని ఆయన చుట్టూ చేరేదాకా ఆగుతాను. ఆగి, సార్, మన ఇంజనులో బ్లేడు ఎందుకు పగిలింది అని అడుగుతాను. నాకు మా నాన్న గొంతే వచ్చింది. చివరి బల్ల దాకా వినిపిస్తుంది.